గేదె ఇనుప తీగ మింగితే: గుర్తు పట్టడం, బయటికి తీయించడం

పొద్దున ఆరు లీటర్లు ఇచ్చిన గేదె సాయంత్రం రెండు లీటర్లతో సరిపెట్టింది. దాణా వాసన చూసి మొహం తిప్పుకుంది. అరగలేదేమోనని వాము, శొంఠి, బెల్లం కలిపి పట్టించారు. మర్నాడు ఆముదం. మూడో రోజు పక్కింటాయన చెప్పిన జీర్ణం పొడి. అయిదో రోజు డాక్టరుకు ఫోన్. పశువైద్యంలో ఉన్న ఎవరిని అడిగినా ఈ వరస తడుముకోకుండా చెబుతారు. ఈ అయిదు రోజుల్లో లోపల ఒక బైండింగ్ వైరు ముక్క పొట్ట గోడలో గుచ్చుకుని, దాటి, గుండె వైపు ప్రయాణం కట్టి ఉండొచ్చు. మొదటి మూడు రోజుల్లో పట్టుకుంటే గేదె మిగిలే అవకాశం బాగా ఉంటుంది. ఆ మూడు రోజుల్లో మీరు ఇంటి దగ్గర ఏం చూడాలో, ఏం చేయకూడదో, ఆసుపత్రిలో ఏం చేస్తారో, ఏం అడగాలో వరసగా చెబుతాను. గేదె అని రాస్తున్నా ఆవుకూ ఇదే వర్తిస్తుంది. తెలంగాణ వాళ్ళు బర్రె అని చదువుకోండి.

తీగ లోపలికి ఎలా పోతుంది

మేక పెదవులతో ఆకు ఆకూ ఏరుకుని తింటుంది. గేదె అలా కాదు, నాలుకతో మేతను చుట్టి లాక్కుని సరిగ్గా నమలకుండానే మింగేస్తుంది. తీరిగ్గా పడుకున్నాక నెమరు వేసుకోవచ్చని దాని ధీమా. పైగా నాలుక మీద, బుగ్గల లోపల ఉండే ముళ్ళలాంటి మొనలన్నీ గొంతు వైపే వాలి ఉంటాయి. నోట్లో ఏదో గుచ్చుకుంటోందని తెలిసినా దాన్ని వెనక్కి ఉమ్మడం గేదెకు కష్టం.

మింగిన ఇనుప ముక్క బరువుగా ఉంటుంది కాబట్టి పెద్ద పొట్ట ముందు భాగంలోకి, అక్కణ్నుంచి రెండో పొట్టలోకి జారుతుంది. ఈ రెండో పొట్ట లోపలి గోడ అచ్చం తేనెపట్టులా గదులు గదులుగా ఉంటుంది కనుక దాన్ని తేనెపట్టు పొట్ట అందాం. ఆ గదుల్లో తీగ మొన ఇరుక్కుంటుంది. ఈ పొట్ట నిమిషానికి దాదాపు ఒకసారి గట్టిగా ముడుచుకుంటుంది, ముడుచుకున్నప్పుడల్లా మొన కొంచెం ముందుకు దిగుతుంది. దానికి ఆనుకునే కడుపునూ ఛాతీనీ విడదీసే డయాఫ్రం అనే పొర, ఆ పొరకు అవతల గుండె సంచి. మధ్య దూరం వేళ్ళతో కొలిచేంతే. పక్కనే కాలేయం, ప్లీహం.

ఇనుము మింగిన ప్రతి గేదే జబ్బు పడదు. చాలా పశువుల పొట్టల్లో మేకులు, నట్లు ఏళ్ళ తరబడి పడి ఉంటాయి, ఏమీ కాదు. మొన ఉన్నవే ప్రమాదం. అవి కూడా ఒత్తిడి వచ్చినప్పుడే ఎక్కువగా దిగుతాయి: నిండు చూడిలో దూడ ముందుకు నెట్టినప్పుడు, ఈనేటప్పుడు ముక్కినప్పుడు, లారీలో దూర ప్రయాణం చేసినప్పుడు. అందుకే ఈనిన కొత్తలో మేత మానేసిన గేదెను చూస్తే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే.

మొదటి రోజు: ఇంటి దగ్గర ఏం చూడాలి

ముందు పాలు. ఒక్క పూటలో సగానికి సగం పడిపోయాయా, నాలుగైదు రోజులుగా మెల్లగా తగ్గుతూ వచ్చాయా? తీగ గుచ్చుకున్న గేదెకు సాధారణంగా పాలు ఒక్కసారిగా పడతాయి. రైతు తేదీ, పూట కూడా చెప్పగలుగుతాడు. "మొన్న మంగళవారం పొద్దున దాకా బాగానే ఉందండీ" అంటే నేను నోటు పుస్తకంలో రాసుకుంటాను.

తర్వాత దూరంగా నిలబడి కాసేపు చూడండి. దగ్గరికి వెళ్తే అది మిమ్మల్ని చూసి సర్దుకుంటుంది. వెన్ను విల్లులా పైకి వంచి నిలబడుతోందా? ముందు కాళ్ళ మోచేతులు రొమ్ముకు దూరంగా బయటికి పెట్టిందా? పడుకోవడానికి జంకుతోందా, పడుకుంటే లేవడానికి జంకుతోందా? మామూలుగా పశువు వెనక కాళ్ళ మీద ముందు లేస్తుంది. రొమ్ము నొప్పి ఉన్న కొన్ని పశువులు గుర్రంలాగా ముందు కాళ్ళ మీద లేస్తాయి. పళ్ళు పటపటమని కొరుకుతోందా? పేడ వేసేటప్పుడు మూలుగుతోందా? పల్లానికి నడిపిస్తే మెట్టకు నడిచినంత తేలిగ్గా నడవకపోవడం ఇంకో గుర్తు, ఎందుకంటే పల్లంలో పొట్ట బరువంతా ముందుకు వస్తుంది.

ఎడమ డొక్కలో పిడికిలి గట్టిగా ఆనించి పట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న గేదెకు పెద్ద పొట్ట కదిలి మీ పిడికిలిని బయటికి నెడుతుంది, రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు. అస్సలు కదలకపోయినా, ఎప్పుడో ఒకసారి నీరసంగా కదిలినా రాసిపెట్టుకోండి. నెమరు ఎన్నిసార్లు వేసిందో ఇంట్లో ముసలివాళ్ళకు చెబితే వాళ్ళు మీకన్నా బాగా కనిపెడతారు.

జ్వరం చూడండి. మలద్వారంలో థర్మామీటరు పెట్టేటప్పుడు పేడలో గుచ్చకుండా పేగు గోడకు ఆనేటట్టు ఏటవాలుగా పెట్టి ఒక నిమిషం ఉంచాలి. మామూలుగా 101 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. గుచ్చుకున్న మొదటి రెండు మూడు రోజులు 103, 104 దాకా వెళ్తుంది. ఆ తర్వాత జబ్బు ముదురుతున్నా జ్వరం దిగిపోవచ్చు. జ్వరం తగ్గింది కనుక గేదె బాగుపడిందని అనుకుంటే అక్కడే మోసపోతాం.

పేడ తగ్గుతుంది, గట్టిగా, ఉండలుగా పడుతుంది. ఉబ్బరం వస్తూ పోతూ ఉంటుంది.

ఇవన్నీ ఆవులో కొట్టొచ్చినట్టు కనబడతాయి. గేదె ఓర్పు వేరు. నొప్పి పరీక్షల్లో కూడా అది చాలాసార్లు నోరు విప్పదు. కాబట్టి గేదెలో వెన్ను వంగలేదు, మూలగలేదు కనుక తీగ లేదని కొట్టిపారేయకండి. పాలు ఒక్కసారిగా పడడం, మేత మానడం, పొట్ట కదలిక ఆగడం, ఈ మూడూ కలిసి వస్తే చాలు.

మూపు నొక్కడం, కర్ర పరీక్ష

మూపు మీద చర్మాన్ని రెండు చేతులతో పట్టి గట్టిగా నొక్కండి. మామూలు పశువు వెన్ను కిందికి దించుతుంది. లోపల నొప్పి ఉన్నది దించదు, బిగదీసుకుంటుంది, లేదా సన్నగా మూలుగుతుంది. ఆ మూలుగు పైకి వినబడకపోవచ్చు. డాక్టరైతే గొంతు మీద స్టెతస్కోపు పెట్టి వింటాడు. మీరు మెడ కింద శ్వాసనాళం దగ్గర చెవి పెట్టినా తెలుస్తుంది.

రెండోదానికి అయిదారు అడుగుల నున్నటి గుంజ కావాలి. ఇద్దరు చెరో వైపు నిలబడి, ముందు కాళ్ళకు సరిగ్గా వెనక, రొమ్ము ఎముక చివర కిందుగా కర్రను అడ్డంగా పట్టుకోవాలి. మెల్లగా పైకి ఎత్తి, ఒక్కసారిగా వదలాలి. మూడో మనిషి గొంతు దగ్గర వినాలి. తర్వాత కర్రను జానెడు వెనక్కి జరిపి మళ్ళీ, బొడ్డు దాకా. ముందు భాగంలో ఎత్తినప్పుడు మాత్రమే మూలిగి, బొడ్డు దగ్గర మూలగకపోతే అనుమానం బలపడుతుంది. నిండు చూడి గేదె మీద ఈ పరీక్ష మీరు చేయకండి, డాక్టరుకే వదిలేయండి.

మా వైపు ఒక పెద్దాయన కర్ర లేకపోతే మోకాలితో రొమ్ము కింద నెట్టి చూసేవాడు. పద్ధతి పనికొచ్చేదే, కాకపోతే గేదె తన్నుకు ఆయన మోకాలి చిప్ప రెండుసార్లు వాచింది.

వేరే జబ్బులు కూడా ఇలాగే కనబడతాయి. ఈనిన మూడు నాలుగు వారాల్లో దాణా వద్దని ఎండుగడ్డి మాత్రం కొరుకుతూ, ఊపిరిలో తీపి వాసన వస్తుంటే కీటోసిస్, అంటే ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బు, కావచ్చు. బియ్యమో, పెళ్ళి భోజనం మిగులో బస్తాడు తినేసి మర్నాడు పడిపోతే అది పొట్టలో పులుపు పెరగడం. కుంటుతూ, 105 దాటిన జ్వరంతో, మూడు రోజుల్లో దానంతటదే లేస్తే మూడు రోజుల జ్వరం. పొదుగు కూడా ఒకసారి పిండి చూడండి. ఇవేవీ కాదనిపించినప్పుడే తీగ గురించి ఆలోచించాలని కాదు, డాక్టరుకు చెప్పేటప్పుడు మీరు ఇవి కూడా చూశారని చెబితే ఆయన పని సగం తగ్గుతుంది.

చేయకూడనివి

నోట్లో గొట్టం పెట్టి నూనెలు, కషాయాలు పట్టించకండి. నొప్పితో ఉన్న పశువు సరిగా మింగదు. తల పైకెత్తి పోస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తీగతో చావాల్సిన అవసరం లేకుండా న్యుమోనియాతో చస్తుంది.

విరేచనాల మందు వేయించకండి. తీగ పేడలో రాదు.

నడిపించకండి, తరమకండి. అరగడానికి ఊరంతా తిప్పేవాళ్ళున్నారు. ప్రతి అడుగూ మొనను ముందుకు నెడుతుంది. కట్టుగొయ్య దగ్గరే ఉంచి, ముందు కాళ్ళ కింద మట్టి పోసి జానెడు ఎత్తు చేయండి. పొట్ట వెనక్కి వాలుతుంది, తేనెపట్టు పొట్ట మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇంత చిన్న పని ఇంత మేలు చేస్తుందంటే ఎవరూ నమ్మరు, కానీ పుస్తకాల్లో కూడా చికిత్సలో ఇది మొదటి వరసలో ఉంటుంది.

నొప్పి సూది ఒక్కటే వేయించి ఊరుకోకండి. అది పడిన రోజు గేదె లేచి గడ్డి కొరుకుతుంది, మీరు సంతోషిస్తారు, మందు దిగిన మర్నాడు మళ్ళీ మొదటికి వస్తుంది, ఈలోగా రెండు రోజులు పోతాయి. ఆ సూది డైక్లోఫెనాక్ అయితే అసలే వద్దు. అది వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చనిపోతున్నాయని 2006లోనే పశువులకు దాన్ని మన దేశంలో నిషేధించారు. మెలాక్సికామ్ అడగండి.

ఆసుపత్రిలో

ఉదయాన్నే దగ్గరలోని పశువుల ఆసుపత్రికి చెప్పండి. కదిలించే పరిస్థితి లేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఊరికి వస్తుంది, రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు. డాక్టరుకు ఈ నాలుగూ చెప్పండి: పాలు పడిన రోజు, ఈనిన తేదీ లేదా చూడి నెల, ఇప్పటిదాకా వేసిన మందులు, ఇంటి దగ్గర ఈ మధ్య స్లాబు పనో కంచె పనో జరిగిందా. నాలుగోది అడగనిదే ఎవరూ చెప్పరు.

రక్త పరీక్షలో తెల్ల కణాలు పెరిగి ఉంటే లోపల చీము పోసే గొడవ ఉందని అర్థం. అది తీగ అని రక్తం చెప్పదు. మెటల్ డిటెక్టరు ఉన్నచోట దాంతో రొమ్ము కింద చూస్తారు. అది మోగిందని భయపడకండి, మోగలేదని ధైర్యపడకండి. ఆరోగ్యంగా ఉన్న గేదెల్లో కూడా చాలావాటికి అది మోగుతుంది, పొట్టలో ఏదో ఒక ఇనుము ఉంటుంది కాబట్టి. గుచ్చుకుందా లేదా అన్నది దానికి తెలియదు.

నిజంగా పనికొచ్చేవి రెండు. ఒకటి ఎక్స్‌రే: నిలబెట్టి పక్క నుంచి రొమ్ము కింది భాగం తీస్తారు, తీగ ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో కనబడుతుంది. గేదె మందానికి శక్తివంతమైన యంత్రం కావాలి, అది మండల ఆసుపత్రిలో ఉండదు. రెండోది అల్ట్రాసౌండ్: తీగ స్పష్టంగా కనబడకపోవచ్చు గానీ, తేనెపట్టు పొట్ట ముడుచుకుంటోందా, అది పక్కనున్నవాటికి అంటుకుపోయి చుట్టూ అతుకులు కట్టాయా, చీము గడ్డ ఉందా, గుండె సంచిలో నీరు చేరిందా అన్నవన్నీ కనబడతాయి. ఆపరేషన్ చేస్తే ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు జవాబు ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ లాంటి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులకు పంపిస్తామని డాక్టరు అంటే, దూరమని వాయిదా వేయకండి.

మందులతో మూడు రోజులు, కడుపులోకి మాగ్నెట్

తొందరగా వచ్చిన కేసుల్లో కోత లేకుండానే బాగుపడేవి ఉన్నాయి. కదలకుండా కట్టేయడం, ముందు కాళ్ళు ఎత్తులో ఉంచడం, యాంటీబయాటిక్ అయిదు రోజులకు తగ్గకుండా, మేత బాగా తగ్గించడం, నోటి గుండా ఒక మాగ్నెట్.

ఆ మాగ్నెట్ గురించి కొంచెం చెప్పాలి. వేలెడు పొడవు, వేలెడు లావు, రెండు కొసలూ గుండ్రంగా ఉన్న కడ్డీ అది. పశువుల కోసమే తయారుచేస్తారు. పాత స్పీకరు పగలగొట్టి తీసిన ముక్క పనికిరాదు, దాని అంచే ఇంకో మేకవుతుంది. ఒక పూట పస్తు ఉంచి, నాలుక మొదట్లో పెట్టి మింగిస్తారు. అది కూడా తేనెపట్టు పొట్టలోకే చేరి, అక్కడున్న ఇనుమునంతా తనకు అతికించుకుని, మొనలు గోడకు తగలకుండా పట్టి ఉంచుతుంది. జీవితాంతం అక్కడే ఉంటుంది, తీయనక్కర్లేదు. ఉందో లేదో తెలుసుకోవాలంటే ఎడమ మోచేతి వెనక రొమ్ము కింద దిక్సూచి పెట్టి చూడండి, ముల్లు గిర్రున తిరుగుతుంది. ఉందని తెలిస్తే రెండోది వేయకండి.

దాని పరిమితులు కూడా తెలియాలి. రాగి తీగ, అల్యూమినియం దానికి అంటవు. అప్పటికే గోడ దాటి లోతుగా దిగిన తీగను అది వెనక్కి లాగలేకపోవచ్చు.

మూడో రోజుకు గేదె దానంతట అది నెమరు వేసి, మేతకు మూతి చాపితే మందులు పూర్తిచేసి రెండు వారాలు కదలనీయకండి. మూడు రోజులైనా మార్పు లేకపోతే ఇంకో మూడు రోజులు మందులు పొడిగిద్దామని మీరే అడగకండి. ఆపరేషన్ తేదీ అడగండి. ఇంకో మాట, మందు వాడుతున్నన్నాళ్ళూ, ఆపాక సీసా మీద రాసినన్ని రోజులూ పాలు కేంద్రంలో పోయకండి. ఇంట్లో పిల్లలకు కూడా పోయకండి.

ఆపరేషన్: డాక్టరు చేసేది, మీరు సిద్ధం చేసేది

పొట్ట కోసి తీగ తీయడం వినడానికి భయం గానీ, పశువైద్యంలో ఇది బాగా అలవాటైన ఆపరేషన్. మత్తు ఇచ్చి పడుకోబెట్టరు. గేదెను నిలబెట్టే చేస్తారు. ఆసుపత్రిలో ఇనుప గొట్టాలతో కట్టిన బోను ఉంటుంది, దాన్ని ట్రెవిస్ అంటారు. అందులో కట్టి, ఎడమ డొక్కకు లిగ్నోకెయిన్ సూదులతో తిమ్మిరి ఎక్కిస్తారు. కోస్తున్నప్పుడు గేదె నిలబడి తోక ఊపుకుంటూ ఉంటుంది. చూస్తున్న యజమానే చాలాసార్లు కళ్ళు తిరిగి కూర్చుంటాడు.

మీ వంతు పని ముందు రోజు మొదలవుతుంది. ఇరవై నాలుగు గంటలు మేత పెట్టకండి, ఆఖరి సగం రోజు నీళ్ళు కూడా ఆపమని చెబుతారు. డొక్క, నడుము శుభ్రంగా కడిగి తీసుకెళ్ళండి. ఇంటి దగ్గరే చేయాల్సి వస్తే దుమ్ము లేవని చోటు, రెండు బలమైన గుంజలు, పట్టుకునేందుకు ఇద్దరు మనుషులు, మరిగించి చల్లార్చిన నీళ్ళు నాలుగైదు బిందెలు, శుభ్రమైన బట్టలు, పొట్టలోంచి తీసిన మేత వేయడానికి పెద్ద తట్టలు. ఎండ ఎక్కకముందే మొదలయ్యేట్టు చూడండి.

డాక్టరు డొక్కలో జానెడు పొడవున చర్మం, దాని కింద మూడు పొరల కండ, తర్వాత లోపలి పలచటి పొర కోస్తాడు. పెద్ద పొట్ట కోసే ముందు చేయి లోపలికి పోనిచ్చి, పొట్ట బయటి వైపు నుంచి తేనెపట్టు పొట్ట చుట్టూ తడుముతాడు. అక్కడ అతుకులు మెత్తగా ఉంటే జబ్బు కొత్తది. గట్టిపడి ఉంటే పాతది. ఆ అతుకులను విడదీయడు. ఒంటి తెలివితో గేదె తన చీమును తానే గోడ కట్టి ఆపుకుంది, ఆ గోడ పగలగొడితే చీము కడుపంతా పరుచుకుంటుంది.

తర్వాత పెద్ద పొట్టను బయటికి లాగి, దాని అంచులను చర్మానికి కుట్టి గానీ, ఒక ఇనుప చట్రానికి బిగించి గానీ, లోపలి మేత రసం ఒక్క చుక్క కూడా కడుపులోకి జారకుండా కట్టుదిట్టం చేస్తాడు. ఆపరేషన్ మొత్తం విజయం ఈ కట్టుదిట్టం మీదే ఉంది. పొట్ట కోసి, మేత కొంత తట్టల్లోకి తోడి, భుజం దాకా గ్లవుజు వేసుకున్న చేయి ముందుకు పోనిస్తాడు. చేతి పొడవంతా లోపలికి పోతే గానీ తేనెపట్టు పొట్ట అందదు. పొట్టి చేతుల డాక్టర్లు ఇక్కడ నిచ్చెన పీట వేసుకోవడం చూశాను.

అక్కడ కంటికి ఏమీ కనబడదు, అంతా వేళ్ళతోనే. ఒక్కో గదీ తడుముతాడు. పొట్ట గోడను వేళ్ళతో పట్టి లోపలికి ఎత్తి చూస్తాడు. ఎక్కడ గోడ ఎత్తడానికి రాదో, తీగ అక్కడే. దాన్ని ఎటు నుంచి దిగిందో అటే, తిన్నగా, మెలి తిప్పకుండా పొట్టలోకి లాగుతాడు. ఒకటి దొరికిందని ఆపేయకుండా మొత్తం వెతుకుతాడు. పిన్నీసులు, మేకులు, గాజుపెంకులు, నాణేలు, ఒక్కోసారి దాణాలో పోయిందని ఇంట్లో ఏడాది క్రితం వెతికిన ముక్కుపుడక కూడా వస్తుంది. మూసేముందు ఒక మాగ్నెట్ లోపల వదలమని అడగండి. మరిచిపోయే డాక్టర్లూ ఉంటారు.

పొట్టను లోపలికి మడిచి రెండు వరసల కుట్లు వేసి, గ్లవుజులు, పరికరాలు మార్చి, కండ, చర్మం విడివిడిగా కుడతారు.

ఇంటికి తెచ్చాక మొదటి రోజు గోరువెచ్చని నీళ్ళు, పల్చటి జావ. రెండో రోజు నుంచి లేత పచ్చగడ్డి పిడికెడు పిడికెడు. ఎండుగడ్డి, దాణా వారం తర్వాతే. పొట్ట కదలిక రావడానికి ఆరోగ్యమైన పశువు పెద్ద పొట్టలోని రసం రెండు మూడు లీటర్లు గొట్టం ద్వారా వేయిస్తే బాగా పనిచేస్తుంది. అందులోని సూక్ష్మజీవులే మేతను పులియబెట్టేవి. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. ఈలోగా ఈగలు వాలకుండా మందు పూయడం, నీళ్ళలోకి దిగనీయకపోవడం మీ పని. గేదెను చెరువుకు పోనీయకుండా ఆపడం మొత్తం చికిత్సలో అన్నిటికన్నా కష్టమైన భాగమని నా అనుభవం.

ఆలస్యమైతే

గంగడోలు, రొమ్ము కింద నీటి సంచిలా వాపు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. మెడ పక్కన సిర తాడులా ఉబ్బి ఉంటుంది. స్టెతస్కోపుతో వింటే గుండె చప్పుడు దూరంగా వినబడుతుంది, లేదా కుండలో నీళ్ళు కదిలినట్టు చప్పుడు వస్తుంది. తీగ గుండె సంచిని చేరిందన్నమాట. ఈ దశలో ఆపరేషన్ చేసినా దక్కేవి అరుదు. డాక్టరు ఖర్చు పెట్టొద్దని చెబితే ఆయన నిర్లక్ష్యం అనుకోకండి.

గేదెల్లో ఇంకోటి ఎక్కువ. తీగ డయాఫ్రంను బలహీనం చేస్తే, ఈనేటప్పుడు అది చిరిగి తేనెపట్టు పొట్ట ఛాతీలోకి జొరబడుతుంది. ఈనిన కొన్ని వారాలకు తగ్గని ఉబ్బరం, నల్లగా జిగురుగా కొద్దికొద్దిగా పేడ, రోజురోజుకీ చిక్కిపోవడం దీని గుర్తులు. ఉబ్బరమని పదే పదే సూది గుచ్చి గాలి తీయిస్తూ నెల గడిపేస్తారు. దీనికి ముందు పొట్ట ఖాళీ చేసే ఆపరేషన్, ఒకటి రెండు రోజులకు పూర్తి మత్తులో వెల్లకిలా పడుకోబెట్టి చిరుగు కుట్టే ఆపరేషన్, రెండూ కావాలి. కాలేజీ ఆసుపత్రుల్లో తప్ప కుదరదు.

పట్నాల్లో రోడ్డు మీద తిరిగే ఆవుల కథ వేరు. వాటి పొట్టలో ఉండేది ప్లాస్టిక్ సంచులు. గుచ్చుకోవు, పోగుపడతాయి, తాళ్ళలా పెనవేసుకుంటాయి, ఒక్కో ఆవు నుంచి పదుల కిలోలు తీసిన సందర్భాలున్నాయి. కోత ఇదే, కానీ వెతికేది చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఇలాంటి ఆపరేషన్లు చేసి చేసి, చివరికి ప్లాస్టిక్ సంచుల మీద 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తీసిన తర్వాత ఆవును మళ్ళీ అదే చెత్తకుండీ దగ్గర వదిలితే ఏమవుతుందో వాళ్ళకు బాగా తెలుసు.

రాకుండా

కుడితి తొట్టి నుంచి మొదలుపెట్టండి. బియ్యం కడుగు, కూరగాయ తొక్కలతో పాటు పిన్నీసు, గిన్నెలు తోమే పీచు తీగ, సూది, అన్నీ అందులోకే పోతాయి. తొట్టి అడుగున ఒక బలమైన మాగ్నెట్ కట్టి వారానికోసారి తీసి చూడండి. మొదటి వారం దానికి అతుక్కున్నవి చూస్తే ఇంట్లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకరినొకరు అనుకోవడం ఖాయం.

దాణా బస్తా కుట్టిన దబ్బనం బస్తా మీద గుచ్చి వదలకండి. స్లాబు పని జరిగినన్నాళ్ళూ గేదెలను అటు రానీయకండి, రాడ్డు కట్టేవాళ్ళు వంచి తుంచిన బైండింగ్ వైరు ముక్కలు సరిగ్గా మింగేంత పొడవుంటాయి. చాఫ్ కట్టరు (మేత నరికే యంత్రం) ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త: చొప్పలో వచ్చిన పొడవాటి తీగ పొట్టలో చుట్టుకుని పడి ఉండేదేమో, కట్టరు దాన్ని వేలెడు వేలెడు ముక్కలుగా, రెండు వైపులా మొనతో కోసి పెడుతుంది. మేత జారే చోట ఒక మాగ్నెట్ బిగించండి.

భోగి మంటల్లో టైర్లు వేయకండి. పొగ సంగతి అలా ఉంచండి, టైరు కాలాక మిగిలే సన్నటి ఉక్కు తీగలు నెలల తరబడి ఆ మట్టిలో ఉంటాయి, అక్కడే గడ్డి మొలుస్తుంది.

ఏడాది దాటిన ప్రతి పెయ్యకూ, చూడి కట్టకముందే మాగ్నెట్ వేయించండి.

ఆపరేషన్ అయ్యాక తీసిన తీగను డాక్టరు దగ్గర అడిగి తీసుకోండి. ఇంటికి తెచ్చి కడిగి, వెలుతురులో పెట్టి చూడండి. కంచె తీగా, బైండింగ్ వైరా, టైరు తీగా, సైకిలు చువ్వా అన్నది తెలుస్తుంది. అది ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ చోటు వెతకండి, అలాంటి ముక్క ఇంకోటి తప్పకుండా ఉంటుంది. అదే తొట్టిలో తిన్న మిగతా గేదెలకు ఆ వారంలోనే దిక్సూచి పెట్టి చూసి, మాగ్నెట్ లేనివాటికి వేయించండి.